ఉక్కు సైకిల్‌ ఉరకలు

కార్బన్‌ ఫైబర్‌ యుగంలోనూ సన్నని ఉక్కు గొట్టాలతో చేసిన రోడ్‌ బైక్‌కు అభిమానులు తగ్గలేదు. వేగం, మన్నిక, అందుబాటు ధర మూడూ ఒకేచోట దొరకడమే కారణం. అలాంటి సైకిల్‌ అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్నది మన దేశానికే. అది కంటికి కనబడనిదీ ఇక్కడే.

ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్‌ ఔటర్‌ రింగ్‌ రోడ్డు దగ్గర నిలబడితే రెండు రకాల సైకిళ్లు కనిపిస్తాయి. మొదటిది, 2023 అక్టోబర్‌లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల ట్రాక్‌ మీద సోలార్‌ కప్పు కింద దూసుకుపోయేది. ఒంటికి అతుక్కున్న దుస్తులు, హెల్మెట్‌, కిందికి వంగిన హ్యాండిల్‌, లక్షల్లో ధర. రెండోది, పక్కన మామూలు రోడ్డు మీద కిర్రుమంటూ సాగేది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోతున్న సెక్యూరిటీ గార్డుదో, పేపర్లు వేసే కుర్రాడిదో అయి ఉంటుంది. నల్ల రంగు, వెనక క్యారేజి, హ్యాండిల్‌కు వేలాడే టిఫిన్‌ సంచీ. మొదటి సైకిల్‌ బరువు ఎనిమిది కిలోల చిల్లర. రెండోదాని బరువు 20 కిలోలకు అటూ ఇటూ. మొదటిది గంటకు 28, 30 కిలోమీటర్లు పోతుంటే రెండోది 12, 14 దగ్గరే ఆయాసపడుతుంది.

విచిత్రం ఏమిటంటే, వేగం కేవలం సరదా అయినవారి దగ్గర వేగంగా పోయే సైకిల్‌ ఉంది. వేగమే అవసరమైనవారి దగ్గర లేదు. ఈ రెంటికీ నడుమ నిజానికి మూడో సైకిల్‌ ఒకటి ఉంది. నాణ్యమైన ఉక్కు గొట్టాలు, సన్నని టైర్లు, ఏడెనిమిది గేర్లు, పది పన్నెండు కిలోల బరువు. యూరప్‌, అమెరికా, జపాన్‌లలో మూడు నాలుగు తరాలు దీన్ని తొక్కాయి. కార్బన్‌ ఫైబర్‌ వచ్చి రేసుల్లోంచి గెంటేసినా అది చావలేదు. చేత్తో ఫ్రేములు కట్టే పనివారి కోసం అమెరికాలో 2005లో ప్రత్యేకంగా ఒక ప్రదర్శన మొదలైందంటేనే ఉక్కు మీద మోజు ఎంతగా మిగిలి ఉందో అర్థమవుతుంది. అదే సమయంలో అక్కడి కంపెనీలు కొన్ని మామూలు జీతగాడు కొనగలిగే ఉక్కు రోడ్‌ బైక్‌లను కూడా అమ్ముతున్నాయి.

మన దగ్గర మాత్రం ఆ మధ్య మెట్టు ఖాళీ. సైకిళ్ల తయారీలో చైనా తర్వాతి స్థానం మనదే. ఉక్కు ఉత్పత్తిలోనూ చైనా తర్వాతి స్థానం మనదే. అయినా ఉక్కుతో వేగంగా పోయే సైకిల్‌ను చవగ్గా చేసుకోవడం మాత్రం మనకు అలవాటు కాలేదు.

వేగం ఎక్కడుంది?

ఖరీదైన సైకిల్‌ వేగంగా పోవడానికి దాని ఫ్రేము కారణమని చాలామంది అనుకుంటారు. దుకాణాల్లో చెప్పేదీ అదే. లెక్క వేసి చూస్తే విషయం వేరు. చదును రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్న మనిషి శక్తిలో సుమారు అయిదింట నాలుగొంతులు గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. గాలికి ఎదురయ్యేది ప్రధానంగా సైకిల్‌ కాదు, మనిషి ఒళ్లు. వేగం రెట్టింపైతే గాలితో పోరాడటానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టి నిటారుగా కూర్చునే సీటు, ఒంటి దగ్గరకు వచ్చే హ్యాండిల్‌ ఉన్న మన పాత సైకిల్‌ మీద ఎంత తొక్కినా వేగం ఒక దగ్గర ఆగిపోతుంది. ముందుకు వంగి కూర్చోగలిగితే చాలు, అదే కాళ్లు అదే రోడ్డు మీద చాలా వేగంగా పోతాయి.

తర్వాతి వాటా టైర్లది. సన్నని పొరలతో చేసిన మెత్తని టైరు రోడ్డు మీద తక్కువ శక్తి మింగుతుంది. మందపాటి గట్టి టైరు ఎక్కువ మింగుతుంది. ఆ తర్వాత గేర్లు. మన సాధారణ సైకిల్‌కు ముందు 44 పళ్ల చక్రం, వెనక 18 పళ్ల ఫ్రీవీల్‌ ఉంటాయి. ఎత్తు వచ్చినా, ఎదురుగాలి వచ్చినా, పల్లం వచ్చినా అదే లెక్క. ఫ్లైఓవర్‌ ఎక్కేటప్పుడు దిగి నెట్టుకుంటూ పోయేది అందుకే.

బరువు వంతు చివర్లో వస్తుంది. మంచి ఉక్కు రోడ్‌ బైక్‌కు, కార్బన్‌ రోడ్‌ బైక్‌కు బరువులో తేడా సుమారు రెండు కిలోలు. బెంగళూరు సైక్లిస్టులు వారాంతాల్లో ఎక్కే నంది కొండ లాంటిదాన్నే తీసుకుందాం. అర కిలోమీటరు ఎత్తుకు ఎక్కాలి. ఓ మోస్తరు సాధన ఉన్న మనిషి 200 వాట్ల శక్తితో తొక్కితే అరగంట పైనే పడుతుంది. రెండు కిలోల అదనపు బరువు వల్ల అతడు కోల్పోయేది దాదాపు 50 సెకండ్లు. రేసుల్లో ఆ 50 సెకండ్లు జీవన్మరణ సమస్య. బతుకుతెరువు కోసం తొక్కేవాడికీ, ఆరోగ్యం కోసం తొక్కేవాడికీ అది ఒక గుక్క నీళ్లు తాగే సమయం. చదును రోడ్డు మీదైతే ఆ తేడా దాదాపు తెలియదు.

అంటే కార్బన్‌ సైకిల్‌ వేగంలో సింహభాగం ఉక్కు సైకిల్‌తోనే వచ్చేస్తుంది. చివరి రెండు మూడు శాతం కోసమే లక్షలు పొయ్యాలి. ఉక్కు రోడ్‌ బైక్‌ ఆకర్షణ రహస్యం ఇంతే.

ఉక్కుల్లోనూ కులాలు

అయితే గార్డు సైకిల్‌ కూడా ఉక్కుదే కదా, మరి దానికీ దీనికీ తేడా ఏమిటి? సమాధానం గొట్టం గోడ మందంలో ఉంది.

ఉక్కుకు ఒక వింత గుణం ఉంది. చవక ఉక్కయినా, ఖరీదైన ఉక్కయినా బరువు దాదాపు ఒకటే, వంగకుండా నిలిచే బిగువూ ఒకటే. తేడా అంతా విరగకుండా తట్టుకునే బలంలో ఉంటుంది. క్రోమియం, మాలిబ్డినం వంటి లోహాలు కొద్దిపాళ్లలో కలిపితే ఉక్కు బలం బాగా పెరుగుతుంది. బలం పెరిగింది కాబట్టి గొట్టం గోడను పలచగా చెయ్యొచ్చు. పలచనైతే బరువు తగ్గుతుంది. సాధారణ సైకిల్‌ గొట్టం గోడ మందం మిల్లీమీటరుకు మించి ఉంటే, మంచి మిశ్రమ ఉక్కు గొట్టం నడిమి భాగంలో అర మిల్లీమీటరు దాకా తగ్గించవచ్చు.

నడిమి భాగంలోనే ఎందుకంటే, అతుకుల దగ్గర గొట్టం మందంగానే ఉండాలి. ఒత్తిడి, వెల్డింగు వేడి పడేది అక్కడే. చివరల మందంగా, మధ్యలో పలచగా ఉండే గొట్టం తయారీకి ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో రెనాల్డ్స్‌ కంపెనీ 1897లోనే పేటెంటు తీసుకుంది. మాంగనీస్‌, మాలిబ్డినం కలిపిన ఉక్కుతో అదే కంపెనీ 1935లో తెచ్చిన '531' గొట్టాలు సైకిల్‌ లోకంలో ఒక బ్రాండుగా నిలిచిపోయాయి. ఇటలీలోని మిలాన్‌లో 1919లో పుట్టిన కొలంబస్‌ దానికి పోటీ. దశాబ్దాల పాటు టూర్‌ డి ఫ్రాన్స్‌ విజేతల్లో చాలామంది ఈ రెండింటిలో ఏదో ఒక గొట్టం మీదే గెలిచారు. స్పెయిన్‌ వీరుడు మిగెల్‌ ఇందురైన్‌ 1994లో గెలిచింది కూడా ఉక్కు ఫ్రేము మీదే. ఆ తర్వాత అల్యూమినియం, దాని వెనకే కార్బన్‌ రేసులను ఆక్రమించాయి.

రేసులకు పనికిరానిది రోడ్డుకు పనికిరాదని అర్థం కాదు. అల్యూమినియం ఉక్కు బరువులో మూడో వంతే. కానీ అది అలసిపోయే లోహం. చిన్న చిన్న కుదుపులైనా లక్షల సార్లు తగిలితే ఏదో ఒకరోజు పగులు రాక తప్పదు. అందుకే దాన్ని అవసరానికి మించి మందంగా చేస్తారు. ఉక్కు అలా కాదు. ఒక హద్దు దాటని ఒత్తిడిని ఎన్నేళ్లయినా మోస్తుంది. హద్దు దాటితే ముందు వంగుతుంది, ఆ తర్వాతే విరుగుతుంది. కార్బన్‌ ఫ్రేముకు గట్టి దెబ్బ తగిలితే లోపల ఏం జరిగిందో పైకి కనిపించకపోవచ్చు. దాన్ని బాగుచేసేవారు పెద్ద నగరాల్లోనే ఉంటారు.

ఉక్కు సైకిల్‌ ఫ్రేము వంగితే మెకానిక్‌ కడ్డీ పెట్టి సరిచేస్తాడు. అతుకు ఊడితే పని తెలిసిన వెల్డింగు షాపులో అతికిస్తారు. పలచని గొట్టానికి చెయ్యి కాస్త జాగ్రత్తగా ఆడాలి, అంతే. పాత ఫ్రేముకు కొత్త రకం వెనక చక్రం పట్టకపోతే ఫోర్కుల మధ్య ఎడాన్ని నాలుగు మిల్లీమీటర్లు చేత్తో సాగదీసి అమర్చుకోవచ్చు. అల్యూమినియంతో, కార్బన్‌తో అలాంటి చొరవ కుదరదు. 40 ఏళ్ల కిందటి ఉక్కు రేసు సైకిళ్లు ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయంటే కారణం ఇదే. ఒక తరం తొక్కి రెండో తరానికి ఇవ్వగలిగిన వస్తువు మొదటి రోజు కొంచెం ఖరీదనిపించినా చివరికి చవకే.

మద్రాసు దాకా వచ్చి ఆగిన వేగం

ఈ పరిజ్ఞానం మన గడప దాకా రాలేదా అంటే, వచ్చింది. మురుగప్ప కుటుంబం బ్రిటన్‌కు చెందిన ట్యూబ్‌ ఇన్వెస్ట్‌మెంట్స్‌ గ్రూపుతో చేతులు కలిపి 1949లో మద్రాసులో సైకిళ్ల కంపెనీ పెట్టింది. హెర్క్యులిస్‌, బీఎస్‌ఏ పేర్లు తెలుగు ఊళ్లలో ఇంటిపేర్లంతగా పాతుకుపోయింది అక్కడి నుంచే. కొద్ది సంవత్సరాలకే ఆవడిలో గొట్టాల ఫ్యాక్టరీ కూడా వచ్చింది. బ్రిటన్‌లో అదే గ్రూపు చేతిలో 1928 నుంచీ ఉన్న మరో కంపెనీ ఏదో తెలుసా? రెనాల్డ్స్‌. ప్రపంచంలోకెల్లా పేరున్న సైకిల్‌ గొట్టాల కంపెనీ, మన మద్రాసు ఫ్యాక్టరీ, ఒక దశలో దాయాదులన్నమాట. ఆ తర్వాత ర్యాలీ కూడా ఆ గ్రూపులోనే చేరింది. 1980లో టీఐ-ర్యాలీ జట్టు తరఫున డచ్‌ ఆటగాడు యూప్‌ జూటెమెల్క్‌ టూర్‌ డి ఫ్రాన్స్‌ గెలిచాడు. పెద్దన్న పారిస్‌లో పతాకం ఎగరేస్తున్నప్పుడు తమ్ముడు ఇక్కడ బియ్యం బస్తాలు మోసే సైకిళ్లు చేస్తున్నాడు.

తమ్ముడిని తప్పుపట్టాల్సిన పని లేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశానికి కావలసింది అదే. మట్టి రోడ్డును తట్టుకోవాలి. వెనక భార్యను, ముందు పిల్లాడిని, పక్కన పాలక్యాన్లను మొయ్యాలి. విరిగితే పల్లెలో బాగుపడాలి. దేశవిభజన తర్వాత లూధియానాలో స్థిరపడిన ముంజల్‌ సోదరులు 1956లో హీరో సైకిల్స్‌ స్థాపించి మొదటి ఏడాది చేసింది 639 సైకిళ్లు. 1986 నాటికి ప్రపంచంలోనే అత్యధికంగా సైకిళ్లు చేసే కంపెనీగా అది గిన్నిస్‌ పుస్తకానికెక్కింది. కోట్లాది మంది బతుకుబండిని లాగిన ఘనత ఆ నల్ల సైకిల్‌కే దక్కుతుంది.

సమస్య ఏమిటంటే, రోడ్లు మారాయి, సైకిల్‌ మారలేదు. మట్టిబాటలు తారు రోడ్లయ్యాయి. బస్తాలు ఆటో ట్రాలీలకు మారాయి. పనికి పోయే దూరాలు పెరిగాయి. అడపాదడపా ప్రయత్నాలు జరగలేదని కాదు. 1980లు, 90లలో కిందికి వంగిన హ్యాండిల్‌తో హీరో హాక్‌ వంటివి వచ్చినప్పుడు కాలేజీ కుర్రాళ్లు వెర్రెత్తిపోయారు. కానీ ఆ రేసు సైకిల్‌ మోజును కంపెనీలు ముందుకు తీసుకుపోలేదు. 1991 తర్వాత చేతిలో నాలుగు డబ్బులాడిన మధ్యతరగతి మోటార్‌ సైకిలెక్కింది. పిల్లల కోసం లావు టైర్ల, నకిలీ షాక్‌ అబ్జార్బర్ల సైకిళ్లు వచ్చాయి. చూడటానికి హుందా, తొక్కడానికి భారం. 2000ల మధ్య నుంచి విదేశీ బ్రాండ్లు నగరాల్లో దిగాయి. 2005లో మొదలైన ఫైర్‌ఫాక్స్‌ను 2015లో హీరోయే కొనేసింది. ధనికుల సరదాకు ఒక దుకాణం, పేదల అవసరానికి మరో దుకాణం స్థిరపడ్డాయి.

ఇరుగు పొరుగును చూస్తే మనం ఏం పోగొట్టుకున్నామో తెలుస్తుంది. చైనా సైకిళ్ల మీద యూరప్‌ 1993 నుంచి యాంటీ డంపింగ్‌ సుంకం వేస్తోంది. 2005లో దాన్ని 48.5 శాతానికి పెంచింది. అలా తెరుచుకున్న తలుపులోంచి దూరింది బంగ్లాదేశ్‌. వెనకబడిన దేశంగా దొరికిన సుంకం మినహాయింపును వాడుకుని యూరప్‌కు సైకిళ్లు పంపే ప్రధాన దేశాల్లో ఒకటైంది. అంత పెద్ద పరిశ్రమ ఉన్న లూధియానా మాత్రం ప్రధానంగా స్వదేశీ గిరాకీనీ, ప్రభుత్వ టెండర్లనూ నమ్ముకుని ఉండిపోయింది.

అరగంటలో ఎంత దూరం?

ఇది సైకిల్‌ పిచ్చోళ్ల గొడవ అని కొట్టిపారేసేముందు కొన్ని అంకెలు చూడాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దాదాపు 45 శాతం ఇళ్లలో సైకిల్‌ ఉంది. వ్యవసాయేతర పనులకు పోయేవారిలో 13 శాతం మంది సైకిల్‌ మీదే పోతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి సైకిల్‌ ఉన్న ఇళ్లు 50.4 శాతం. పశ్చిమ బెంగాల్‌లో 78.9, ఉత్తరప్రదేశ్‌లో 75.6 శాతం. మోటార్ల యుగం వచ్చినా సైకిల్‌ పోలేదన్నమాట.

సైకిల్‌ వేగం పెరిగితే ఏమవుతుంది? అరగంటలో పనికి చేరాలనుకునే మనిషి గంటకు 12 కిలోమీటర్ల వేగంతో 6 కిలోమీటర్లు పోగలడు. 18 కిలోమీటర్ల వేగంతో 9 కిలోమీటర్లు పోగలడు. పెరిగింది మూడు కిలోమీటర్లే అనిపిస్తుంది. కానీ ఇంటి చుట్టూ వృత్తం గీసి చూడండి. అతడు పని వెతుక్కోగలిగే విస్తీర్ణం 113 చదరపు కిలోమీటర్ల నుంచి 254కు, అంటే రెండింబావు రెట్లకు పెరిగింది. పెట్రోలు చుక్క ఖర్చు లేకుండా, బస్సు కోసం ఎదురుచూడకుండా.

దూరం తగ్గితే జీవితం ఎలా మారుతుందో బిహార్‌ చూపించింది. 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్లకు డబ్బిచ్చే పథకం అక్కడ మొదలైంది. ఆర్థికవేత్తలు కార్తీక్‌ మురళీధరన్‌, నిశీథ్‌ ప్రకాశ్‌ దాన్ని అధ్యయనం చేశారు. వయసుకు తగిన తరగతిలో హైస్కూలుకు పోయే బాలికల సంఖ్య 32 శాతం పెరిగిందని, బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గిందని తేల్చారు. ప్రభావం ఎక్కువగా కనిపించింది బడికి దూరంగా ఉన్న ఊళ్లలోనే. తమిళనాడు, పశ్చిమ బెంగాల్‌ వంటి రాష్ట్రాలూ సైకిళ్లు పంచాయి. ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పేరుతో బాలికలకు అందాయి. సైకిళ్లు పంచే పథకాల్లో ప్రభుత్వమే అతి పెద్ద కొనుగోలుదారు. కానీ టెండరులో చూసేది ధర ఎంత తక్కువన్నదే. పిల్ల ఎంత బరువు తొక్కాలి, ఎంత సేపట్లో బడికి చేరుతుంది అన్న ప్రశ్నకు అక్కడ చోటుండదు.

వేగం లేని చోట ఆటకూ ఇదే గతి. ఉత్తర కర్ణాటకలోని విజయపుర, బాగల్‌కోట్‌, రాజస్థాన్‌లోని బికనీర్‌ ప్రాంతాలు సైక్లింగ్‌ క్రీడాకారులకు పెట్టింది పేరు. వారిలో రైతుబిడ్డలే ఎక్కువ. ఊపిరితిత్తుల్లో బలముంది, కాళ్లలో సత్తా ఉంది. కానీ జాతీయ పోటీల్లో నిలవాలంటే సైకిల్‌కే లక్షలు పెట్టాలి. ఒలింపిక్స్‌ సైక్లింగ్‌లో భారతీయులు చివరిసారి పాల్గొన్నది 1964లో టోక్యోలో. అరవై ఏళ్ల తర్వాత 2024 పారిస్‌ క్రీడలకు కూడా ఒక్కరూ అర్హత సాధించలేదు. ఇందుకు కారణాలు అనేకం ఉండవచ్చు. 14 ఏళ్ల పల్లెటూరి పిల్లకు సాధన చేసుకునే మొదటి సైకిల్‌ దొరక్కపోవడం అందులో చిన్నదేమీ కాదు. చివరి మెట్టు మీద కార్బన్‌ కావాలి, నిజమే. మొదటి మెట్టుకు మంచి ఉక్కు సరిపోతుంది.

1,200 కిలోమీటర్లు, రెండు కథలు

దూరం తొక్కేవారి లోకంలో పారిస్‌-బ్రెస్ట్‌-పారిస్‌ ఒక తీర్థయాత్ర. సుమారు 1,200 కిలోమీటర్లు, 90 గంటల గడువు. 1891లో మొదటిసారి జరిగినప్పుడు షార్ల్‌ టెరాన్‌ అనే ఫ్రెంచి వీరుడు గేర్లు కూడా లేని ఉక్కు సైకిల్‌ మీద 71 గంటల 22 నిమిషాల్లో ముగించాడు. ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరిగే ఈ యాత్రలో 2019లో, 2023లో వందల మంది భారతీయులు పాల్గొన్నారు. దీనికి అర్హత సాధించాలంటే 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలు పూర్తి చెయ్యాలి. హైదరాబాద్‌, విశాఖపట్నం సైక్లిస్టులకు ఇవి కొత్త కాదు. మొదటి మెట్టయిన 200 కిలోమీటర్లకు గడువు పదమూడున్నర గంటలు. సగటున గంటకు 15 కిలోమీటర్లు పోతే చాలు. ఏ సైకిలైనా ఫరవాలేదు, లైట్లుంటే సరి. ఉక్కు సైకిల్‌ను ఇప్పటికీ నెత్తిన పెట్టుకునేది ఇలాంటి దూరపు బాటసారులే. పారిస్‌ పక్కన లెవలువా-పెరేలో రెనె ఎర్స్‌, అలెక్స్‌ సింగర్‌ వంటి పనివారు మడ్‌గార్డులు, లైట్లు, క్యారేజి ఉన్న వేగమైన ఉక్కు సైకిళ్లు కట్టింది వీరికోసమే. వేగం కోసం సైకిల్‌ను బోడిగా చెయ్యనక్కర్లేదని వారు ఏనాడో నిరూపించారు.

రెండో కథ 2020 మేలో జరిగింది. లాక్‌డౌన్‌లో పని పోయి, గాయపడిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని 15 ఏళ్ల బాలిక గురుగ్రామ్‌ నుంచి బిహార్‌లోని దర్భంగా దాకా తొక్కుకుంటూ పోయింది. అదీ 1,200 కిలోమీటర్లే. సుమారు వారం రోజులు. ఆమె కింద ఉన్నదీ ఉక్కు సైకిలే, కాకపోతే పాతది, బరువైనది. దేశం చప్పట్లు కొట్టింది. సైక్లింగ్‌ ఫెడరేషన్‌ పరీక్షకు రమ్మంది. ఆ చప్పట్లలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటే. మోటారు లేకుండా అంత దూరం పోగలిగిన శక్తి ఈ దేశంలో అంత మామూలు ఇంట్లో ఉన్నప్పుడు, ఆ శక్తికి తగిన సైకిల్‌ ఎందుకు లేదు?

ఉక్కుకూ లోపాలున్నాయి

ఉక్కు అభిమానులు చెప్పే ప్రతి మాటా నమ్మాల్సిన పనిలేదు. ఉక్కు ఫ్రేము రోడ్డు కుదుపులను మింగేస్తుందని, దానికో ప్రాణం ఉంటుందని వారు మురిసిపోతారు. నిజానికి ఆ సుఖంలో పెద్ద వాటా టైర్ల వెడల్పుది, వాటిలో కొట్టిన గాలిది. ఉక్కు తుప్పు పడుతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్లలో గొట్టాల లోపల నూనె పూత వెయ్యకపోతే పలచని గోడ త్వరగా పాడవుతుంది. గేర్లు, బ్రేకులు వంటి ముఖ్య భాగాలకు జపాన్‌, తైవాన్‌, చైనాల మీదే ఆధారపడాలి. ధర పెంచేది అవే.

ఇంకో చేదు నిజం కూడా ఉంది. డబ్బు కూడబెట్టిన గార్డు కొనాలనుకునేది మంచి సైకిల్‌ కాదు, సెకండ్‌ హ్యాండ్‌ మోటార్‌ సైకిల్‌. మన సమాజంలో సైకిల్‌ పేదరికానికి గుర్తు. లారీలు, బస్సుల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కాల్సిన రోడ్లపై ఎవరైనా అదే కోరుకుంటారు. సురక్షితమైన దారి లేకుండా వేగమైన సైకిల్‌ ఒక్కటే ఇస్తే సరిపోదు. వారాంతపు వ్యాయామానికి వేసిన ట్రాక్‌ ఎంత బాగున్నా, అది గార్డు ఇంటి నుంచి డ్యూటీ దాకా పోదు.

అయినా ఈ అభ్యంతరాల్లో ఏదీ మధ్య మెట్టును ఖాళీగా ఉంచాలని చెప్పదు. క్రోమియం-మాలిబ్డినం ఉక్కు ఫ్రేము, 32 మిల్లీమీటర్ల టైర్లు, ఏడెనిమిది గేర్లు, మడ్‌గార్డులు, క్యారేజి, 12, 13 కిలోల బరువు. ఇందులో మన పరిశ్రమ చెయ్యలేనిది గేర్లు తప్ప పెద్దగా ఏమీ లేదు. మోటారు వాహనాల కోసం ఖచ్చితమైన కొలతలతో ఉక్కు గొట్టాలు చేస్తున్న ఫ్యాక్టరీలు ఇక్కడే ఉన్నాయి. అది ఒక మామూలు స్మార్ట్‌ఫోన్‌ ధరకు, వాయిదాల మీద దొరికితే తీసుకునేవారు ఉండరని ఎవరు చెప్పగలరు? ఫోనుకు వాయిదాలున్నాయి, మోటార్‌ సైకిల్‌కు వాయిదాలున్నాయి. చవక సైకిల్‌కు ఆ మర్యాద కూడా తక్కువే.

ప్రభుత్వం చెయ్యగలిగిందీ ఉంది. 2023 బడ్జెట్‌లో సైకిళ్ల దిగుమతి సుంకాన్ని 30 నుంచి 35 శాతానికి పెంచారు. సైకిళ్ల మీద జీఎస్‌టీని 2025 సెప్టెంబర్‌ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. మంచిదే. కానీ ఆరు వేల సైకిల్‌కూ ఆరు లక్షల సైకిల్‌కూ అదే తగ్గింపు. రూపాయల్లో చూస్తే లాభం ఎక్కువ ఎవరికో చెప్పనక్కర్లేదు. దానికి బదులు ఉచిత సైకిళ్ల టెండర్లలో బరువుకు ఒక హద్దు పెట్టి, మూడు గేర్లయినా ఉండాలని షరతు విధిస్తే చాలు. లక్షల సైకిళ్ల ఆర్డరు కోసం లూధియానా, చెన్నై ఫ్యాక్టరీలే దారి వెతుక్కుంటాయి. కొత్త ఉక్కు, కొత్త వెల్డింగు తక్కువ ఖర్చుతో నేర్చుకుంటాయి. ఆ నేర్పు తర్వాత బజారుకూ వస్తుంది.

కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకుని, గంటకింత చొప్పున అద్దె సైకిల్‌ తీసుకుని ఊరంతా తిరిగిన తరం మనది. ఆ రోజుల్లో సైకిల్‌ అంటే స్వేచ్ఛ. దాన్ని పేదరికంగా మార్చింది సైకిల్‌ కాదు, మనం దానికి కేటాయించిన వేగం. ఔటర్‌ రింగ్‌ రోడ్డు పక్కన ఎండ ఎక్కే సమయానికి ట్రాక్‌ మీది సైకిళ్లు కార్ల వెనక చట్రాలకెక్కి ఇళ్లకు పోతాయి. గార్డు ఇంకా దారిలోనే ఉంటాడు. అతడి ఇల్లు అక్కడికి తొమ్మిది కిలోమీటర్లే అయితే, మంచి ఉక్కు సైకిల్‌ మీద ఈపాటికి నిద్రపోయేవాడు.